పట్టీల వెల

మొదటి ముడి మంగళవారం కనబడింది,
ముందు కుడికాలి మీద, మోకాలికి కాస్త కింద.
శనగగింజంత.
దెమిస్సెవ్ బొటనవేలితో నొక్కి చూసి
"ఈగ కుట్టిందిలే" అన్నాడు.
అమ్మాయి పాత నోటుబుక్కు వెనక పేజీల్లో
ఆ రోజు నేను రాసింది:
రాబడి నూట తొంభై, గడ్డి అరవై, తవుడు ముప్ఫై.
ముడి సంగతి రాయలేదు.
అదీ ఖర్చేనని అప్పటికి తెలీదు.

వారం తిరిగేసరికి
తోలు కింద ఎవరో తాడు పేనుతున్నట్టు
కాలి పొడుగునా ముడి తర్వాత ముడి.
పగిలిన చోటల్లా తేనె రంగు చీము.
దామా నడుస్తూనే ఉంది,
మోజో బస్టాండు నుంచి తోళ్ళ కార్ఖానా దాకా,
మళ్ళీ వెనక్కి.
బండెక్కిన వాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు,
తర్వాత ఎక్కడమే మానేశారు.
నీలం బజాజ్ ఆటోలు మా పక్కనే ఆగి
మా కళ్ళముందే మా బేరాలు ఎత్తుకుపోయేవి.

పుండు కనబడకుండా గోనెగుడ్డ చుట్టాడు.
కాలికి గుడ్డ చుట్టిన గుర్రాన్ని
ఊరు ఇంకా తొందరగా గుర్తుపట్టింది.

పశువుల డాక్టరమ్మ మందు రాసిచ్చి
రెండు నెలలు బండికి కట్టొద్దంది.
మందు కన్నా ఆ మాటే ఖరీదు.
పట్టీలు కూడా కాల్చెయ్యండి, జబ్బు తోలులోనే దాక్కుంటుంది
అంది, చేతులు కడుక్కుంటూ.

రాత్రి లాంతరు దగ్గర లెక్క వేశాను.
మందుకి నాలుగు వేల రెండు వందల బిర్లు.
నిలబెట్టి మేపితే పోయే రాబడి పదకొండు వేలు.
గుర్రాన్ని కొన్నది పద్నాలుగు వేలకి,
అది ఎక్కుబ్ చీటీ డబ్బు.
మా పేరు మూడో వారమే వచ్చిందని
ఆ రోజు ఎంత మురిసిపోయామో!
ముందొచ్చిన చీటీకి వెనకంతా కట్టుబడే.
ఇంకా ఇరవై రెండు వారాలు, వారానికి ఏడు వందలు.
గుర్రం చచ్చినా చీటీ చావదు.

దెమిస్సెవ్ ఒక సాయంత్రం
రైలు పట్టాల అవతలికి తోలుకెళ్ళి
ఒట్టి చేతులతో వచ్చాడు.
నేనేమీ అడగలేదు.

తెల్లారేసరికి అది బస్టాండులో ఉందట.
బండి లేకుండా,
వరసలో ఎప్పుడూ నిలబడే చోటే,
ముందున్న బండి కదిలితే
తనూ రెండడుగులు ముందుకేస్తూ.

మళ్ళీ తోలుకెళ్ళాడు, ఈసారి ఇంకా దూరం.
ఆ రాత్రి దుమ్ములగొండ్లు చాలాసేపు అరిచాయి.
పొద్దున గడ్డి, తవుడు కొట్టేశాను.

ఆదివారం తొలోసా వచ్చాడు.
పందొమ్మిదేళ్ళుంటాయేమో.
వాళ్ళమ్మ ఆవునమ్మి కొత్త గుర్రం కొన్నాడు,
దాని పళ్ళ గురించే పావుగంట చెప్పాడు.
పట్టీలు అమ్ముతారటగా, అన్నాడు.
దెమిస్సెవ్ గోడకేసి చూస్తూ
"ఏడు వందలు" అన్నాడు.

నేను కాఫీ గింజలు వేయిస్తున్నాను.
మొదటి కప్పు, అబోల్, పోసేటప్పుడు
మాట నాలుక మీదే ఉంది.
రెండోది, తోనా.
"చక్కెర చాలా?" అని మాత్రం అడిగాను.
మూడోది బరకా, దీవెన కప్పు.
అది తాగకుండా లేవకూడదు.
పట్టీలు అప్పటికే వాడి భుజానున్నాయి.
"కట్టేముందు మరిగే నీళ్ళలో ముంచు, తమ్ముడూ."
వాడు నవ్వాడు.
"తోలు కదక్కా, ఉడికితే పాడైపోదూ?"
కప్పు కింద పెట్టి, దణ్ణం పెట్టి,
సందు మలుపు తిరిగాడు.
పిలిస్తే వినబడేంత దూరమే.

రాబడి ఏడు వందలు.
చీటీకి ఏడు వందలు.
మిగులు దగ్గర సున్నా చుట్టాను.
కలం గట్టిగా నొక్కానేమో,
పేజీ తిప్పితే
అవతల వైపు కూడా
వేలికి తగులుతోంది.